మీ ప్రశ్నలు – మా జవాబులు: బోడిగా కనపడే యార్క్‌షైర్ మూర్‌లో చూడ్డానికి ఏముంది?

పోయిన నెల ఇదే పేజీలో మా ఇంటి వెనకాల ఉన్న నార్త్ యార్క్ మూర్స్ గురించి నాలుగు ముక్కలు రాశాను, ఆగస్టులో కొండలన్నీ ఊదా రంగు తిరుగుతాయి వీలైతే వచ్చి చూడండి అని. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయనుకోలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్క మాట: ఇంగ్లండ్‌కి ఈశాన్యాన, మిడిల్స్‌బ్రో దక్షిణం నుంచి విట్‌బీ సముద్రం దాకా ఉన్న నేషనల్ పార్క్ ఇది, 1952లో ప్రకటించారు, దాదాపు 1,436 చదరపు కిలోమీటర్లు. మూర్ అంటే చెట్లు పెద్దగా లేని ఎత్తు నేల, దాన్నిండా హెదర్ అనే మోకాలెత్తు తుప్ప. నేను పికరింగ్ పక్కన పల్లెలో 14 ఏళ్ళుగా ఉంటున్నా, అంతకుముందు నందికొట్కూరు వైపు పుట్టి పెరిగిన దాన్ని.

అక్కా, నేను మిడిల్స్‌బ్రోలో ఎమ్మెస్సీ చదువుతున్నా. ఊరికి దూరంగా ఒక పక్క విరిగిపోయినట్టు ఉండే కొండ రోజూ కనపడుతుంది. కారు లేదు, పార్ట్‌టైమ్ జాబ్ వల్ల ఆదివారం ఒక్కటే ఖాళీ. ఫ్రెండ్స్‌ని రమ్మంటే అక్కడేముందిరా, గాలీ గడ్డీ తప్ప అంటున్నారు. ఒక్కణ్ణే వెళ్తే టైమ్ వేస్టా? – మిడిల్స్‌బ్రో నుంచి ఒక విద్యార్థి

తమ్ముడూ, నువ్వు చూస్తున్న కొండ పేరు రోజ్‌బెరీ టాపింగ్, ఎత్తు 320 మీటర్లు. 1912లో ఒక పక్క కూలిపోయి ఆ ఆకారం వచ్చింది, లోపల రాతి పొరల్లో పగులు ఒకటి, చుట్టుపక్కల ఇనుప రాయి కోసం తవ్విన గనులు ఒకటి, రెండూ కలిసి చేసిన పని అంటారు. దానికి కారెందుకు? మిడిల్స్‌బ్రో నుంచి విట్‌బీ వెళ్ళే చిన్న రైలు లైన్ ఒకటుంది, ఎస్క్ వ్యాలీ లైన్ అంటారు, అందులో గ్రేట్ ఏటన్‌లో దిగితే చాలు. రోజుకి నడిచేవి కొన్ని రైళ్ళే, ఆదివారం ఇంకా చూసుకోవాలి, కాబట్టి తిరుగు రైలు టైమ్ ముందే రాసి పెట్టుకో.

స్టేషన్ నుంచి గ్రిబ్‌డేల్ అనే చోటికి రోడ్డు వెంట నడువు, అక్కణ్ణించి పైకెక్కితే ఈజ్‌బీ మూర్ మీద కెప్టెన్ కుక్ స్తంభం వస్తుంది, 1827లో కట్టారు. ఆస్ట్రేలియా తూర్పు తీరం దాకా ఓడ నడిపిన ఆ కుక్ ఇక్కడివాడే, మార్టన్‌లో 1728లో పుట్టాడు, ఏటన్‌లో బడికెళ్ళాడు. అంటే నువ్వు చూసే కొండనే ఆయన చిన్నప్పుడు రోజూ చూశాడు. స్తంభం దగ్గర ఫొటో దిగి, మళ్ళీ గ్రిబ్‌డేల్ దిగి, అవతల వైపు ఎక్కితే గ్రేట్ ఏటన్ మూర్, దాని మీదుగా నడిస్తే నీ కొండ. తొందర లేకుండా అయిదారు గంటలు పెట్టుకో.

ఇంక నీ ఫ్రెండ్స్ మాటకొస్తే, వాళ్ళని తప్పుపట్టను, మొదటిసారి నేనూ అదే అన్నాను. మూర్ నడిచేవాడికి కనపడదు, కూర్చున్నవాడికి కనపడుతుంది. నేను చెప్పేది ఒక్కటే, స్తంభానికీ కొండకీ మధ్యలో హెదర్ పక్కన ఒక రాయి చూసుకుని అరగంట కూర్చో, ఫోన్ జేబులో పెట్టు. మొదటి పది నిమిషాలు నిజంగానే ఏమీ ఉండదు. తర్వాత తేనెటీగల రొద వినపడుతుంది, అది అంతకుముందు నుంచీ ఉంది కానీ నీ చెవికి ఎక్కలేదు అంతే. ఆగస్టులో ఇక్కడి తేనెటీగలవాళ్ళు పెట్టెలకి పెట్టెలు వాహనాల్లో తెచ్చి మూర్ అంచున దించుతారు, హెదర్ తేనె కోసం, ఆ తేనె జున్నులా గడ్డకట్టి ఉంటుంది, మామూలు తేనెలా కారదు, తెట్టెని నొక్కి పిండాలి.

నీ రాయి మీదికే బల్లి ఒకటి ఎండ కాచుకోడానికి వస్తుంది, చూపుడువేలంత, గోధుమ రంగు. కదిలావా మాయం. కదలకపోతే రెండు నిమిషాల్లో మళ్ళీ అదే చోటికి. ఈ బల్లి గుడ్లు బయట పెట్టదు, ఈ చలికి గుడ్డు బతకదు కాబట్టి కడుపులోనే పొదిగి పిల్లల్ని కంటుంది. ఆ తర్వాత కిందకి చూడు, నీళ్ళు నిలిచే గుంట ఏదైనా ఉంటే దాని అంచున స్ఫాగ్నమ్ అనే నాచు ఉంటుంది, పచ్చగా, కొన్నిచోట్ల ఎర్రగా. వేలితో మెల్లిగా నొక్కు, పెరికేయకు. స్పాంజి నొక్కినట్టే నీళ్ళొస్తాయి, దాని బరువుకి 20 రెట్ల దాకా నీళ్ళు పట్టి ఉంచుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దూది చాలకపోతే గాయాలకి ఈ నాచునే ఎండబెట్టి కట్టారు. దాని మధ్యలోనే అదృష్టం బాగుంటే పైసా బిళ్ళంత ఆకులతో ఎర్రటి మొక్క కనపడుతుంది, ఆకు మీద వెంట్రుకలు, ప్రతి వెంట్రుక చివరా మెరిసే బొట్టు. మంచు బొట్టనుకుని దోమ వాలుతుంది, అంటుకుపోతుంది, ఆకు నెమ్మదిగా ముడుచుకుంటుంది. ఈ నేలలో సారం లేదు కాబట్టి పాపం ఆ మొక్క ఎరువు గాల్లోంచి పట్టుకుంటుందన్నమాట. నేను ఒకసారి ఒక్క ఆకు దగ్గరే ముప్పావుగంట కూర్చున్నా, మా ఆయన ముందుకెళ్ళిపోయి వెనక్కొచ్చి కాఫీ తాగి మళ్ళీ వెళ్ళాడు.

గాలీ గడ్డీ కాదు తమ్ముడూ, వెళ్ళు. ఒక్కడివే అయితే ఎక్కడికెళ్తున్నావో రూమ్‌మేట్‌కి చెప్పి మరీ వెళ్ళు.

ఫొటోల కోసం హెదర్ పూత ఏ తారీఖుల్లో ఉంటుంది కచ్చితంగా చెప్పగలరా? లీవ్ పెట్టాలి. – లండన్

ఆగస్టు మధ్య నుంచి నెలాఖరు దాకా పెట్టుకోండి. హెదర్‌లో ఇక్కడ మూడు రకాలున్నాయి, బెల్ హెదర్ జులైలోనే ముదురు రంగులో అక్కడక్కడ పూస్తుంది, తడి నేలల్లో ఇంకో రకం లేత గులాబీ రంగులో పూస్తుంది, కొండ మొత్తాన్ని ఊదాగా మార్చేది మాత్రం లింగ్ అనే రకం, దానిదే ఆగస్టు. ఎండలు ముదిరిన ఏడాది పూత పలచగా వస్తుంది, గ్యారంటీ ఇవ్వలేను. మధ్యాహ్నం కాదు, సాయంత్రం ఎండ వాలాక తీయండి.

మా అమ్మాయి లీడ్స్‌లో ఉద్యోగం చేస్తోంది. శనివారం వస్తే చాలు ఫ్రెండ్స్‌తో ఆ మూర్ అనే చోటికి పోతోంది, తుప్పల్లో నడుస్తున్న వీడియోలు పెడుతోంది. అక్కడ పాములు ఉండవా? అడిగితే నవ్వుతుంది. మీరైనా నిజం చెప్పండి. – హైదరాబాద్ నుంచి ఒక తల్లి

వదినగారూ, ఉన్నాయి. కానీ మనం చిన్నప్పటి నుంచి భయపడ్డ లెక్కలో కాదు. బ్రిటన్ మొత్తానికీ విషమున్న పాము ఒక్కటే, యాడర్ అంటారు. మన రక్తపింజర కుటుంబమే, దానికి వీపు మీద గొలుసులా మచ్చలుంటే దీనికి వంకరటింకర గీత ఉంటుంది. మామూలుగా రెండడుగులకి కాస్త అటూ ఇటూ. దాని కాటుకి ఈ దేశంలో చివరిసారి మనిషి చనిపోయింది 1975లో, అదీ లెక్క.

మార్చి, ఏప్రిల్ నెలల్లో చలినిద్ర నుంచి లేచి ఎండకి పడుకుంటుంది, అప్పుడు ఎక్కువ కనపడుతుంది. అడుగు చప్పుడుకి అదే తప్పుకుంటుంది, తొక్కితేనో చేత్తో పట్టుకోబోతేనో తప్ప కాటేయదు. చీలమండ పైకి వచ్చే బూట్లు, పొడుగు ప్యాంటు, కూర్చునే ముందు చోటు చూసుకోవడం, ఇవి చాలని అమ్మాయికి చెప్పండి. ఒకవేళ కరిస్తే కాలు కదపకుండా కూర్చుని 999కి ఫోన్ చేయాలి, తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. ఇంకో సంగతి, కర్ర తీసుకుని చంపాలని మనవాళ్ళ చెయ్యి లేస్తుంది, ఇక్కడ అది నేరం, యాడర్‌కి చట్టం రక్షణ ఉంది, అదీగాక ఏటేటా తగ్గిపోతున్న జీవి. మా పక్కింటావిడ చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం చూసేదట, ఇప్పుడు ఏడాదికి ఒకటి కనపడితే ఫోన్ చేసి మరీ చెప్తుంది నాకు. పోతే, నున్నగా రాగి రంగులో మెరుస్తూ పాములా ఉండే స్లో వార్మ్ అనేది కూడా కనపడొచ్చు, అది పామే కాదు, కాళ్ళు లేని బల్లి. రెప్పలు ఆర్పుతుంది చూడండి, పాముకి రెప్పలుండవు కదా.

పాము కన్నా మీరు అసలు అడగాల్సింది పిడుదు గురించి. అవే, మన గొర్రెలకీ కుక్కలకీ పట్టేవి. ఇక్కడ టిక్ అంటారు, గసగసాలంత ఉన్నప్పుడే తుప్పల మీంచి కాలికి ఎక్కుతుంది, కొన్నిటి వల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో చూసుకోమనండి. ఉంటే సన్నటి చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయాలి, నూనె పోయడం, కాల్చడం వద్దు. ఆ తర్వాత కొన్ని వారాల్లో చర్మం మీద గుండ్రంగా ఎర్రటి మచ్చ పెరుగుతూ వచ్చినా, ఫ్లూ లాగా ఒళ్ళు నొప్పులు వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, త్వరగా పట్టుకుంటే మందులతో తగ్గిపోతుంది. అమ్మాయిని మాత్రం ఆపకండి వదినా, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల అంత గాలి పీల్చుకుని రావడం మంచిదే.

మీరు మూర్ అనే రాస్తున్నారు. తెలుగులో దానికి బీడు అనే మాట ఉంది కదా, ఎందుకు వాడరు? – గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్

మాస్టారూ, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆలోచించాను. బీడు అని రాయబోయి నేనే చాలాసార్లు ఆగాను. బీడు అంటే మనకి దున్నకుండా వదిలేసిన నేల, పనికిరాని నేల అనే అర్థం వచ్చేసింది. మూర్ వదిలేసిన నేల కాదు, వేల ఏళ్ళుగా మనుషులు, గొర్రెలు కలిసి ఇలా ఉంచిన నేల.

ఒకప్పుడు ఇక్కడ అడవి ఉండేది. అది ఎలా తెలిసిందంటే, తడి గుంటల్లో కుళ్ళకుండా పేరుకున్న మొక్కల పొరని పీట్ అంటారు, ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, మీటరు లోతు తవ్వితే దాదాపు వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళినట్టు. ఆ పొరల్లో పుప్పొడి రేణువులు చెక్కుచెదరకుండా ఉంటాయి, ఏ లోతులో ఏ చెట్టు పుప్పొడి ఉందో చూస్తే ఎప్పుడు అడవి పోయిందో, ఎప్పుడు హెదర్ వచ్చిందో కనపడుతుంది. వేటగాళ్ళ కాలంలోనే చెట్లు నరకడం మొదలైంది, దాదాపు నాలుగు వేల ఏళ్ళ కిందట కంచు యుగం రైతులు ఇంకా నరికి సాగు చేశారు, ఇసుక నేల కాబట్టి వానలకి సారం కొట్టుకుపోయి పులిసిపోయింది, పంట పండలేదు, అక్కడ బతకగలిగిన హెదర్ వచ్చి కూర్చుంది. ఆ రైతుల సమాధుల దిబ్బలు ఇప్పటికీ గట్టు పైన వరసగా ఉన్నాయి, ఏ ఊరి నుంచి చూసినా ఆకాశానికి ఆనుకుని గుండ్రంగా కనపడతాయి.

తర్వాత గొర్రెలు. ఇక్కడ స్వేల్‌డేల్ అనే జాతి ఎక్కువ, నల్ల మొహం, తెల్ల ముక్కు, మెలితిరిగిన కొమ్ములు. మూర్ మీద కంచెలు పెద్దగా ఉండవు, అయినా ఏ మంద ఏ మేరలో మేయాలో దానికి తెలుసు, తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, అది మళ్ళీ తన పిల్లకి నేర్పుతుంది. అందుకే మంద అమ్మితే కొన్నిచోట్ల నేలతో పాటే అమ్ముతారు, కొత్త మందకి ఆ మేర నేర్పాలంటే ఏళ్ళు పడుతుంది మరి. మా నాన్న గొర్రెల కాపరి కాదు కానీ మా వీధిలో ఉండేవాళ్ళు, వాళ్ళకి చెప్తే ఇది వెంటనే అర్థమవుతుంది, నేను వివరించక్కర్లేదు.

ఇంక ఆ మాట వాడకపోవడానికి అసలు కారణం చెప్తా. మా నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు అని ఉంది. చెట్టు లేని గడ్డి నేల. చిన్నప్పుడు బస్సులో వెళ్తుంటే పెద్దవాళ్ళు ఉత్త బీడు అనేవాళ్ళు, నేనూ అదే అనుకున్నాను. ఆ బీట్లోనే బట్టమేక పిట్ట ఉండేది, దాన్ని కాపాడ్డానికే 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. మగపిట్ట నిలబడితే మీటరు ఎత్తు, ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి ప్రపంచంలోనే కొన్ని. ఇప్పుడు అక్కడ దాన్ని చూడటం గగనమైపోయింది. చుట్టూ ఉన్న గడ్డి నేలని బీడు కదా అని దున్నారు, కాలవలొచ్చాయి, పంట మారింది, పిట్టకి చోటు పోయింది. మా ఊరికి అంత దగ్గర్లో ఉన్న పిట్టని నేను ఒక్కసారి కూడా చూడలేదు మాస్టారూ, ఆ బాధ నాకు ఇక్కడికి వచ్చి మూర్ చూశాకే తెలిసింది. అందుకే బీడు అనే మాట చేతికి రాదు. మీ జిల్లాలో పశువులు మేసే ఇలాంటి నేలకి పాతవాళ్ళు వాడిన వేరే మాట ఏదైనా ఉంటే రాయండి, అదే వాడతాను.

యార్క్ దగ్గర ఉంటాం. మే నెలలో మూర్ మీద నడుస్తుంటే కాళ్ళ దగ్గర్నించి ఏదో పక్షి ధడాలున లేచి మనిషి అరిచినట్టు అరుచుకుంటూ పోయింది, గుండె ఆగినంత పనైంది. అదేమిటి? ఇంకోటి, ఇక్కడ పక్షుల్ని కాల్చడానికే పెంచుతారని, కొండలకి నిప్పు పెడతారని విన్నాం, నిజమా?

అది రెడ్ గ్రౌస్. కోడి సైజులో, ఎర్రటి గోధుమ రంగు, కంటి మీద ఎర్రటి కనుబొమ. దాని అరుపు ఇంగ్లిష్‌వాళ్ళ చెవికి "గో బ్యాక్, గో బ్యాక్" అన్నట్టు వినపడుతుంది. మే నెల అంటే పిల్లలుండి ఉంటాయి పక్కనే. అసలు మూర్ మీద పక్షులన్నీ నేల మీదే గూడు పెడతాయి, పెట్టడానికి చెట్టు లేదు కదా. అందుకే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మార్చి 1 నుంచి జులై 31 దాకా ఈ నేలల్లో కుక్కని చిన్న తాడుతో పట్టుకునే నడవాలి, అది చట్టం. మీరూ దారి దిగకండి ఆ నెలల్లో.

మే నెలలో మళ్ళీ వెళ్తే రెండు పిట్టల కోసం చెవి పెట్టండి. ఒకటి ల్యాప్‌వింగ్, తల మీద పిలకతో ఉంటుంది. మన తీతువు పిట్టకి దగ్గర చుట్టం, అరుపుని బట్టే మనం దానికి తీతువు అని పెట్టుకున్నట్టు ఇక్కడివాళ్ళు దీన్ని పీవిట్ అంటారు. మన దగ్గర తీతువు కూస్తే కీడంటారు, మా నాయనమ్మ ఉమ్మేసేది, ఇక్కడ అది కూస్తే వసంతం వచ్చిందని సంబరం. రెండోది కర్లూ. కొడవలిలా కిందకి వంగిన పొడుగు ముక్కు. గాల్లో పైకెక్కి రెక్కలు చాచి మెల్లిగా దిగుతూ కూస్తుంది, ముందు ఒక్కో పిలుపు, విడిగా, తర్వాత అవి దగ్గర పడి పడి నీళ్ళు పొంగినట్టు ఒకటే ధార. మొదటిసారి విన్నప్పుడు బట్టలు ఆరేస్తున్నా, చేతిలో తడి దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ప్రపంచంలో గూడు పెట్టే ఈ జాతి కర్లూల్లో దాదాపు పావు వంతు ఈ దేశంలోనే ఉన్నాయంటారు, అయినా తగ్గిపోతున్నాయని 2015లో ఎర్ర జాబితాలో పెట్టారు. కోరింగలోనో పులికాట్‌లోనో చలికాలం బురద పొడుచుకునే కర్లూని మీరు చూసే ఉంటారు, అదే జాతి, కాకపోతే మన దగ్గరికి వచ్చేవి ఆసియా ఉత్తరం నుంచి వస్తాయి, యార్క్‌షైర్‌వి చలికాలం ఎక్కువగా ఈ దీవుల సముద్రతీరాలకే దిగుతాయి.

కాల్చడం నిజమే. గ్రౌస్‌ని పెట్టెల్లో పెంచరు, అడవి పక్షే, కానీ దాని సంఖ్య పెరిగేలా మూర్‌ని చూసుకుంటారు. ఆగస్టు 12న వేట మొదలై డిసెంబర్ 10 దాకా ఉంటుంది. నిప్పు చలికాలంలో పెడతారు, ముక్కలు ముక్కలుగా, ఈ ఏడాది ఇక్కడ, ఇంకో ఏడాది అక్కడ. కాలిన చోట లేత చిగురొస్తుంది, అది గ్రౌస్‌కి తిండి, పక్కన ముదురు తుప్ప దాక్కోడానికి. దూరం నుంచి కొండ మీద అతుకుల బొంతలా కనపడేది అదే. లోతైన పీట్ ఉన్నచోట కాల్చడం మీద ఇప్పుడు ఆంక్షలున్నాయి.

నా అభిప్రాయం అడిగారనుకుని చెప్తున్నా, సరదాకి కాల్చడం నాకు ఇష్టం లేదు, ఇన్నేళ్ళైనా ఆ రోజుల్లో తుపాకీ చప్పుడు వింటే కిటికీ మూసేస్తాను. హెన్ హ్యారియర్ అనే గద్ద గ్రౌస్ పిల్లల్ని తింటుందని దొంగచాటుగా చంపినవాళ్ళున్నారు, అది చట్టవిరుద్ధం, దాన్ని ఎవరూ సమర్థించలేరు. అదే సమయంలో, వేట కోసం నక్కల్నీ కాకుల్నీ అదుపులో పెట్టే మూర్‌ల మీదే కర్లూ పిల్లలు ఎక్కువ బతుకుతున్నాయన్నదీ నిజం. వేట రేపే ఆపేస్తే ఆ కాపలా పనికి డబ్బు ఎవరిస్తారన్నది తేల్చకుండా ఆపమనలేకపోతున్నా. కర్లూ కోసం ఆ మాట ఒప్పుకోవాల్సి రావడం నాకు కష్టంగానే ఉంది.

గూగుల్ మ్యాప్స్ ఉంటే చాలదా? పేపర్ మ్యాప్ కొనమని రాశారు, ఈ రోజుల్లో కూడానా? – న్యూకాజిల్

చాలదు. ఒక అక్టోబర్‌లో నేనూ మా ఆయనా బ్లేకీ గట్టు మీద పాత రైలు కట్ట వెంట నడుస్తున్నాం. రోజ్‌డేల్ గనుల్లోంచి ఇనుప రాయి తేవడానికి 1861లో వేసిన లైన్ అది, 1929లో మూసేసి పట్టాలు పీకేశారు, ఇప్పుడు నడవడానికి చదునైన దారి. ఎండగా ఉంది. కట్ట దిగి వంద అడుగుల దూరంలో ఏదో రాయి ఉంటే చూద్దామని వెళ్ళాను, చూసి తలెత్తితే మంచు. మన పొగమంచులా తెల్లారి కమ్మి పొద్దెక్కితే పోయేది కాదు, సముద్రం మీంచి గోడలా నడిచొస్తుంది. నా శాలువా మీద దారం దారానికీ నీటి చుక్క కనపడుతోంది, మా ఆయన మాత్రం కనపడట్లేదు, గొంతు వినపడుతోంది, అదీ ఏ పక్కనుంచో తెలీదు. ఫోన్ చలికి 30 శాతం నుంచి ఒక్కసారిగా ఆరిపోయింది. నడిచేకొద్దీ హెదర్ తగులుతోంది, కాలు మెత్తగా దిగుతోంది, అంటే తప్పు దారి. ఆగిపోయి ఒకళ్ళనొకళ్ళం పిలుచుకుని చేతులు పట్టుకున్నాం, మ్యాప్ తీసి చూస్తే కట్ట మాకు పడమర ఉండాలి, దిక్సూచి పట్టుకుని పడమర అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాం. అరవై ఎన్నో అడుగులో కాలికింద కరకరమని కంకర తగిలింది చూడండి, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాప్‌లు ఓఎల్ 26 పడమటి సగానికి, ఓఎల్ 27 తూర్పు సగానికి. దిక్సూచి, ఈల, టార్చి. ఈల నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరుసార్లు, సహాయం కావాలని గుర్తు అది. ఫోన్ పనిచేస్తే 999, ముందు పోలీస్ అడిగి తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని చెప్పాలి. జులైలో కూడా స్వెటర్ ఉండాలి బ్యాగులో.

పది మంది ఫ్యామిలీలం కలిసి వస్తున్నాం. పైన చిన్న బార్బిక్యూ పెట్టుకుని చికెన్ కాల్చుకోవచ్చా? – బర్మింగ్‌హామ్

వద్దు, దయచేసి వద్దు. డిస్పోజబుల్ ట్రే కూడా వద్దు. హెదర్ నూనె పట్టిన పుల్లలా అంటుకుంటుంది, పీట్ అయితే నేల లోపల నిప్పు పట్టి పైకి ఆరినట్టు కనపడి రోజుల తరబడి లోపల్లోపలే పాకుతుంది. 2025 ఆగస్టులో లాంగ్‌డేల్ మూర్‌లో మొదలైన మంట వారాల తరబడి ఆరలేదు, యుద్ధకాలంలో అక్కడ సైన్యం శిక్షణ పొందిన నేల కావడంతో లోపల మిగిలిపోయిన పాత గుండ్లు ఆ వేడికి పేలాయి, ఫైర్ వాళ్ళు దగ్గరికి పోలేని పరిస్థితి. గూళ్ళు, బల్లులు, వందల ఏళ్ళ పీట్ అన్నీ పోయాయి. ఆ వారాల్లో మా ఊళ్ళో అందరం బట్టలు ఇంట్లోనే ఆరేసుకున్నాం, ఎప్పుడు గాలి తిరిగినా అదే వాసన.

పులిహోర, పెరుగన్నం కట్టుకు రండి, చల్లారినా బాగుంటాయి. తిన్నాక డాన్బీ హై మూర్ మీద ఫ్యాట్ బెట్టీ అనే రాయి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళండి. పొట్టిగా లావుగా, తల మీద తెల్ల సున్నంతో, అచ్చం మన ఊరి పొలిమేర దేవతలా ఉంటుంది. దారిన పోయేవాళ్ళు అక్కడ తినేది ఏదైనా పెట్టి, ముందువాళ్ళు పెట్టిందాంట్లోంచి ఒకటి తీసుకోవడం పాత ఆనవాయితీ. ప్లాస్టిక్ కవర్ మాత్రం వదలకండి, గొర్రె మింగుతుంది. జులై చివర్లో అయితే బిల్‌బెర్రీలు దొరుకుతాయి, బఠాణీ గింజంత నీలం పళ్ళు, హెదర్ మధ్యలో తక్కువ ఎత్తులో, తింటే నేరేడు పళ్ళు తిన్నట్టే నాలుక ఊదా అవుతుంది.

అమ్మానాన్న మూడు నెలలకి వస్తున్నారు, జనవరిలో. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. నడవకుండా మూర్ చూపించే దారుందా? – లీడ్స్

ఉంది. లీడ్స్ నుంచి యార్క్, మాల్టన్, పికరింగ్ మీదుగా విట్‌బీ వెళ్ళే 840 కోస్ట్‌లైనర్ బస్సు ఎక్కించండి. పికరింగ్ దాటాక బస్సు మూర్ మీదికెక్కుతుంది, ఎడమ పక్క హోల్ ఆఫ్ హోర్కమ్ అనే పెద్ద గిన్నె లాంటి లోయ వస్తుంది, సుమారు 120 మీటర్ల లోతు, అవతలి అంచు కిలోమీటరు పైనే. ఊటలు లోపల్నించి మట్టిని తొలుచుకుంటూ తొలుచుకుంటూ అలా చేశాయి. ఊళ్ళోవాళ్ళ కథేమో, వేడ్ అనే రాక్షసుడికి పెళ్ళాం మీద కోపమొచ్చి చేతికందినంత మట్టి తీసి విసిరాడట, ఆ గుంట ఇది, పడ్డ మట్టి అవతల బ్లేకీ టాపింగ్ కొండ. మన భీముడి పాదాలు, భీముడి గుండ్ల కథలే, నాన్నగారికి చెప్పండి, ఆయన దగ్గర ఇలాంటివి నాలుగైనా ఉంటాయి.

చలికాలం హెదర్ ఊదా కాదు, ముదురు గోధుమ, దాదాపు నలుపు, బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క ఎండిన ఆకు మాత్రం ఇటుక రంగులో వెలుగుతుంటుంది. వాగుల్లో నీళ్ళు డికాషన్ రంగులో పారుతుంటాయి, పీట్ వల్ల, మురికి కాదు. మా అమ్మ వచ్చింది ఫిబ్రవరిలోనే. హోర్కమ్ ఎదురుగా కార్లోనే కూర్చుని ఫ్లాస్క్‌లో టీ తాగుతూ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "చెట్టు లేకపోతే ఎంత దూరం కనపడుతుందో కదే" అంది, ఆ వారంలో ఇంకో రెండుసార్లు తీసుకెళ్ళమని అడిగింది. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి మబ్బు లేని రోజైతే నక్షత్రాలు కూడా చూపించొచ్చు, 2020 నుంచి ఈ పార్క్ డార్క్ స్కై రిజర్వ్, అంటే రాత్రి వెలుతురు తగ్గించి కాపాడే చోటు. మృగశిర, కృత్తికలు మన పల్లెల్లో ఒకప్పుడు కనపడినంత స్పష్టంగా ఉంటాయి.

పొగబండి కూడా ఉంది పికరింగ్ నుంచి కానీ అది ఎక్కువగా వసంతం నుంచి శరదృతువు దాకే, జనవరికి కుదరదు. బస్సులో మెట్లెక్కగలిగితే పై అంతస్తు ముందు సీటు పట్టండి, లేకపోతే కింద ఎడమ వైపు కిటికీ. చలికాలం ట్రిప్పులు తక్కువ, తిరుగు బస్సు టైమ్ బయల్దేరే ముందే చూసుకోండి, ఇద్దరికీ మంకీ క్యాప్‌లు మర్చిపోకండి.